పావ్లోవ్ కుక్కలకు మాంసం ఎందుకు పడలేదు?

విశాఖ ద్వారకా నగర్‌లో డీఎస్సీ కోచింగ్ తీసుకుంటున్న ఏ అభ్యర్థిని అడిగినా పావ్లోవ్ పేరు చెబుతారు. గంట మోగడం, కుక్క నోట్లో లాలాజలం ఊరడం, శాస్త్రీయ నిబంధనం... తప్పకుండా చదివి తీరాల్సిన పాఠం. అదే ద్వారకా నగర్‌లో స్కానింగ్ సెంటర్లు, ల్యాబులు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, కడుపు స్కానింగ్ చేయించుకుని, ఎండోస్కోపీ రిపోర్టు చేత్తో పట్టుకుని నిలబడే కుటుంబాలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ రిపోర్టులో పోర్టల్ హైపర్‌టెన్షన్ అనో, అన్నవాహికలో వేరిసెస్ అనో రాసి ఉంటుంది. వాళ్లలో కొందరికి డాక్టర్ షంట్ అనే మాట చెబుతారు.

షంట్ వేస్తే ఏమొస్తుంది, ఏం పోతుంది? ఈ ప్రశ్నకు తొలిసారి గట్టి జవాబు సంపాదించింది ఆ కోచింగ్ పాఠంలోని పావ్లోవే. కాకపోతే అది లాలాజలం ప్రయోగాల కంటే ముందు, వేరే కుక్కల మీద. ఆ కుక్కల సంగతి డీఎస్సీ పుస్తకాల్లో ఉండదు. మీ ఇంట్లో కాలేయ జబ్బు ఉన్న మనిషి ఉంటే మాత్రం మీకు అక్కరకొచ్చే కథ అదే.

చర్చి పూజారి గారి పెద్దబ్బాయి

ఇవాన్ పావ్లోవ్ 1849లో రష్యాలోని ర్యాజాన్ పట్నంలో పుట్టాడు. తండ్రి చర్చిలో పూజారి. ఇంట్లో పిల్లలు ఎక్కువ, వారిలో ఇతనే పెద్ద. చిన్నప్పుడు ఎత్తు నుంచి కింద పడి బాగా దెబ్బలు తగలడంతో బడిలో చేరేసరికి 11 ఏళ్లు వచ్చాయి. తండ్రి దారిలోనే పూజారి కావాలని మత పాఠశాలలో వేశారు. అక్కడుండగానే మెదడు పనితీరు మీద సెచెనోవ్ రాసిన పుస్తకం చదివి మనసు మార్చుకున్నాడు. 1870లో ఆ చదువు మధ్యలో వదిలేసి, సైన్సు చదవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వైద్యం చదివాడు. కానీ రోగులను చూసే డాక్టరు కాలేదు. ఆయన మనసంతా ప్రయోగశాలలోనే.

1881లో సెరఫీమాను పెళ్లి చేసుకున్నాడు. చేతిలో డబ్బు నిలిచేది కాదు. కొన్నాళ్లు భార్యాభర్తలు ఒక ఇల్లు కూడా తీసుకోలేని పరిస్థితి. తమ్ముడు ద్మిత్రి రసాయన శాస్త్రవేత్త మెండలీఫ్ దగ్గర సహాయకుడిగా ఉండేవాడు, అతని క్వార్టర్స్‌లో పావ్లోవ్ తలదాచుకున్నాడు. మొదటి కొడుకు పసితనంలోనే చనిపోయాడు. పేరున్న శాస్త్రవేత్తల జీవితాలు చదివినప్పుడు మనం వారి భార్యల సంగతి పెద్దగా పట్టించుకోం. సెరఫీమా ఓర్పు లేకపోతే ఆ ప్రయోగశాలా లేదు, ఆ తర్వాతి కథా లేదు.

1890లో మిలిటరీ మెడికల్ అకాడమీలో ప్రొఫెసర్ పోస్టు వచ్చింది. మరుసటి ఏడాది కొత్తగా పెట్టిన ప్రయోగ వైద్య సంస్థలో ఫిజియాలజీ విభాగం ఆయన చేతికి వచ్చింది. అక్కడ ఆయన చేసిన మొదటి మంచి పని కుక్కలకు ఆపరేషన్ థియేటర్ కట్టించడం. మనుషులకు చేసినట్టే చేతులు కడుక్కుని, పరికరాలు శుభ్రం చేసి, ఆపరేషన్ అయ్యాక విడిగా గదిలో ఉంచి చూసుకునే పద్ధతి పెట్టాడు. అప్పటిదాకా చాలామంది శాస్త్రవేత్తలు జంతువును కోసి, ఆ కాసేపట్లోనే చూడాల్సింది చూసి వదిలేసేవారు. పావ్లోవ్‌కు అది నచ్చలేదు. జంతువు కోలుకుని, తిని, తిరుగుతూ ఉన్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలన్నది ఆయన పట్టుదల. పుట్టుకతో ఎడమచేతి వాటం. ఆపరేషన్‌లో మాత్రం రెండు చేతులూ సమానంగా ఆడేవి.

కాలేయం ముందున్న కస్టమ్స్ గేటు

ఇక్కడ కాసేపు కథ ఆపి, మీ ఒంట్లోని ఒక సిర గురించి చెప్పాలి. అది తెలియకపోతే ముందు ముందు అర్థం కాదు.

మనం తిన్నది పేగుల్లో జీర్ణమై రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం నేరుగా గుండెకు వెళ్లదు. పేగుల నుంచీ, ప్లీహం నుంచీ వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద సిరలో చేరి ముందు కాలేయానికి వెళుతుంది. మన పోర్టులో దిగిన సరుకు కస్టమ్స్ చూశాకే ఊళ్లోకి వచ్చినట్టు. కాలేయానికి నిమిషానికి అందే సుమారు ఒకటిన్నర లీటర్ల రక్తంలో మూడింట రెండొంతులకు పైగా ఈ సిర ద్వారానే వస్తుంది. పేగుల్లో తయారయ్యే అమ్మోనియా లాంటి విషపదార్థాలను కాలేయం అక్కడే పట్టుకుని యూరియాగా మార్చి, మూత్రంలో పోయేలా చేస్తుంది.

మద్యం వల్ల గానీ, హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల గానీ, ఊబకాయం, షుగర్‌తో పాటు వచ్చే ఫ్యాటీ లివర్ ముదరడం వల్ల గానీ కాలేయం గట్టిపడితే దాన్నే సిరోసిస్ అంటాం. అప్పుడు రక్తం లోపలికి వెళ్లడం కష్టమై పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా పోర్టల్ సిరకూ, కాలేయం నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే సిరకూ మధ్య ఒత్తిడి తేడా 5 మిల్లీమీటర్లకు మించదు. అది 10 దాటితే సమస్యలు మొదలవుతాయి. 12 దాటితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. ఇది చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. మీ బీపీ 120/80 ఉన్నా ఇది ఉండొచ్చు.

దారి మూసుకుపోయిన రక్తం సందుల్లోంచి వెళ్లాలని చూస్తుంది. అన్నవాహిక చివర్లో ఉన్న సన్నని సిరలు ఉబ్బిపోతాయి. అవే వేరిసెస్. ఎప్పుడో ఒకసారి చిట్లి గిన్నెడు రక్తం వాంతి అవుతుంది, లేదా విరేచనం తారులా నల్లగా వస్తుంది. పొట్టలో నీరు చేరుతుంది. ప్లీహం పెద్దదవుతుంది.

మరి ఆ రక్తానికి వేరే పెద్ద దారి వేస్తే? అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా బైపాస్ వేశాక శ్రీకాకుళం వెళ్లే లారీలు ఎన్ఏడీ జంక్షన్‌లో ఇరుక్కోవాల్సిన పని లేకపోయింది కదా. అలాగే పోర్టల్ సిరను కాలేయం పక్కనుంచి నేరుగా గుండెకు వెళ్లే పెద్ద సిరతో కలిపేస్తే ఒత్తిడి తగ్గిపోతుంది. షంట్ అంటే అంతే, దారి మళ్లింపు.

పారిపోయిన కుక్క, మిగిలిన ప్రశ్న

ఈ ఆలోచన మొదట చేసి చూసినవాడు నికొలాయ్ ఎక్ అనే రష్యన్ సైనిక సర్జన్. 1877లో 8 కుక్కలకు పోర్టల్ సిరను కింది మహాసిరతో కుట్టి, కాలేయం వైపు దారి కట్టేశాడు. ఏడు కుక్కలు వారంలోపే చనిపోయాయి. ఎనిమిదోది రెండున్నర నెలలు బతికి, ఒకరోజు ప్రయోగశాల నుంచి పారిపోయింది. ఆ ఒక్క కుక్కను చూసుకుని ఎక్ ఈ ఆపరేషన్ మనుషుల్లో పొట్ట నీరుకు పనికొస్తుందని రాశాడు. పారిపోయిన కుక్క ఆ తర్వాత ఎలా ఉందో ఎవరికి తెలుసు? నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

పదిహేనేళ్ల తర్వాత ఆ ప్రశ్నను చేతిలోకి తీసుకున్నది పావ్లోవ్. సిరకు సిరను కుట్టడం ఆ రోజుల్లో చాలా కష్టమైన పని. ఆయన, ఆయన బృందం 60 దాకా కుక్కలకు ఈ ఆపరేషన్ చేస్తే సుమారు మూడో వంతే నిలబడ్డాయి. ఇవాళ ఏ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి సులభంగా అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. కానీ బతికిన కుక్కలను ఆయన వదిలేయలేదు. రోజూ చూశాడు. ఏం తిన్నాయి, ఎలా నడిచాయి, మనిషిని చూస్తే ఎలా ప్రవర్తించాయి, అన్నీ రాయించాడు. 1893లో ఆ ఫలితాలు జర్మన్ పత్రికలో వచ్చాయి. సహరచయితలు హాన్, మాసెన్, పోలండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త నెన్‌స్కీ.

ఆపరేషన్‌కు ముందు సాధువుగా ఉన్న కుక్కలు మొండిగా, చిరాగ్గా తయారయ్యాయి. దగ్గరికెళితే కరవబోయేవి. మాంసం పెట్టాక వాటికి మత్తు కమ్మేది. తాగినట్టు తూలుతూ నడిచేవి. చూపు సరిగా ఆనేది కాదు, గిల్లినా నొప్పి తెలిసేది కాదు. కొన్నింటికి ఫిట్స్ వచ్చి, స్పృహ పోయి ప్రాణం పోయేది. మాంసం లేని తిండి పెట్టినప్పుడు మెరుగ్గా ఉండేవి. కొన్ని కుక్కలైతే అనుభవంతో నేర్చుకుని, మాంసం ముందు పెట్టినా మూతి తిప్పేసుకునేవి. లాలాజలం కుక్కలు తర్వాత నేర్చిన పాఠానికి ఇది తలకిందుల పాఠం.

కారణం వెతికే పని నెన్‌స్కీ చేశాడు. మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు పుట్టే అమ్మోనియా, దాని సంబంధిత పదార్థాల మీద అనుమానం పడింది. పేగుల నుంచి కాలేయానికి వచ్చే రక్తంలో అమ్మోనియా మిగతా రక్తంలో కంటే చాలా ఎక్కువని 1896 నాటికి వాళ్లు కొలిచి చూపించారు. షంట్ ఉన్న కుక్కలో ఆ రక్తం కస్టమ్స్ గేటు దాటకుండానే మెదడుకు చేరుతోంది. ఎక్ ఆ కుక్కను తప్పించుకోనివ్వకుండా ఉంటే, ఈ సంగతి అతనికే తెలిసేదేమో.

నోబెల్, వరద, పిత్తాశయ రాళ్లు

పావ్లోవ్ ఈ విషయం దగ్గరే ఆగిపోలేదు. జీర్ణరసాల మీద పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగశాల ఖర్చుల కోసం కుక్కల జీర్ణాశయ రసాన్ని అజీర్ణానికి మందుగా అమ్మిన రోజులు కూడా ఉన్నాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాలు మీకు తెలిసిన లాలాజలం ప్రయోగాలే. నిజానికి అక్కడ గంట కంటే మెట్రోనోమ్ లాంటి పరికరాలే ఎక్కువ వాడేవారు. విప్లవం తర్వాత ఆకలి రోజుల్లో ఆయన దేశం వదిలిపోకుండా 1921లో లెనిన్ ప్రత్యేక ఉత్తర్వుతో సౌకర్యాలు కల్పించాడు. 1924లో లెనిన్‌గ్రాడ్‌లో వరద వచ్చి కుక్కలు బోనుల్లోనే మునిగిపోబోయాయి. బయటపడ్డాక కొన్ని అప్పటిదాకా నేర్చుకున్నది మరిచిపోయాయి. అది చూసి భయం మనసును ఎలా మారుస్తుందన్న దాని మీద ఆయన కొత్తగా పని మొదలుపెట్టాడు. 1927లో ఆయనకే పిత్తాశయ రాళ్ల ఆపరేషన్ జరిగింది. అప్పటికి ఇంచుమించు 78 ఏళ్లు. కోలుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

షంట్ మనుషుల దాకా ఎలా వచ్చింది?

1903లో ఫ్రాన్స్‌లో విడాల్ అనే సర్జన్ సిరోసిస్‌తో రక్తం కక్కుతున్న రోగికి ఈ షంట్ వేశాడు. రక్తస్రావం ఆగింది. కానీ ఆ రోగి కొన్ని నెలలకే మించి బతకలేదు. తర్వాత చాలా ఏళ్లు దీని జోలికి ఎక్కువమంది వెళ్లలేదు. 1940లలో న్యూయార్క్‌లో విపుల్, బ్లేక్‌మోర్ మళ్లీ మొదలుపెట్టాక ప్రపంచమంతా షంట్ ఆపరేషన్లు జోరందుకున్నాయి. ఇంకా రక్తం పడని వారికి కూడా ముందు జాగ్రత్తగా షంట్ వేద్దామనే ఉత్సాహం వచ్చింది. జాగ్రత్తగా పోల్చి చూసిన అధ్యయనాల్లో మాత్రం తేలిందేమిటంటే, షంట్ వేసినవారిలో రక్తస్రావం తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. మతిస్థిమితం తప్పడం పెరిగింది. అంటే పావ్లోవ్ కుక్కలు 1893లో చూపించినదే మనుషుల్లో మళ్లీ చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు సిరోసిస్ రోగికి మొదటి చికిత్స షంట్ కాదు. ఎండోస్కోపీ ద్వారా ఉబ్బిన సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. ఒత్తిడి తగ్గించే ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు ఇస్తారు. వీటితో లొంగని రక్తస్రావానికి, ఎన్నిసార్లు తీసినా మళ్లీ మళ్లీ చేరే పొట్ట నీటికి టిప్స్ అనే పద్ధతి ఉంది. మెడ దగ్గరి సిరలోంచి గొట్టం పంపి, కాలేయం లోపలే ఒక సిర నుంచి పోర్టల్ సిర కొమ్మలోకి దారి తీసి, అందులో స్టెంట్ పెడతారు. పొట్ట కోయరు. 1980ల చివర్లో జర్మనీలో మనుషుల్లో మొదలైంది. పద్ధతి కొత్తదే అయినా అది కూడా షంటే. కాబట్టి లెక్క కూడా పాతదే. టిప్స్ తర్వాత దాదాపు మూడో వంతు మందిలో మెదడు మందగించే లక్షణాలు ఎంతో కొంత కనిపిస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవారికి, కామెర్లు బాగా ముదిరినవారికి, ముందే పదేపదే మతి తప్పుతున్నవారికి సాధారణంగా వద్దంటాం.

పిల్లల విషయం వేరు. మన దేశంలో కాలేయం బాగానే ఉండి, దాని ముందున్న పోర్టల్ సిర గడ్డకట్టి మూసుకుపోయే జబ్బు పిల్లల్లో తక్కువేమీ కాదు. ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి రక్తం కక్కుతాడు. పొట్ట తడిమితే ప్లీహం పెద్దగా తగులుతుంది. కాలేయ పరీక్షలేమో మామూలుగా ఉంటాయి. ఇలాంటి వారిలో కొందరికి ప్లీహం సిరను ఎడమ మూత్రపిండం సిరతో కలిపే షంట్ చాలా మేలు చేస్తుంది. కాలేయం బాగానే ఉంది కాబట్టి సిరోసిస్ రోగుల్లో లాగా మతి తప్పడం వీరిలో అరుదు. అనువైన పిల్లల్లో రక్తాన్ని తిరిగి కాలేయంలోకే పంపే రెక్స్ షంట్ అనే పద్ధతి కూడా ఉంది. ప్లీహం తీసేయాల్సి వస్తే ముందే టీకాలు వేయించాలి. అందుకే షంట్ అనగానే భయపడి పిల్లల్ని ఇంటికి తీసుకుపోకండి. జబ్బు కాలేయం లోపలా, బయటా అని ముందు అడగండి.

ఇంట్లో గమనించాల్సింది మీరే

సిరోసిస్ ఉన్నవారిలో షంట్ లేకపోయినా ఈ మతి మందగింపు రావచ్చు. షంట్ తర్వాత ఇంకా ఎక్కువ. అది మొదట ఆసుపత్రిలో బయటపడదు, మీ ఇంట్లో బయటపడుతుంది. పగలు కునుకులు, రాత్రి నిద్ర పట్టకపోవడం తొలి గుర్తు. తర్వాత ఊరికే విసుక్కోవడం, మాట ముద్దగా రావడం, చిల్లర లెక్క తప్పడం, సంతకం వంకర పోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం. చేతులు ముందుకు చాపి మణికట్టు పైకి ఎత్తి ఉంచమంటే పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు ఆడతాయి.

ఎమర్జెన్సీ వార్డులో పనిచేసిన ఎవరికైనా ఈ దృశ్యం తెలుసు. మనిషి తూలుతుంటాడు, ఏదో గొణుగుతుంటాడు. మళ్లీ తాగాడని బామ్మర్ది కోపంగా చెబుతాడు. భార్య మాత్రం, మానేసి ఆరు నెలలైంది డాక్టర్ గారూ అంటుంది. ఎక్కువసార్లు ఆవిడ చెప్పిందే నిజమవుతుంది. తాగిన మత్తు అనుకుని రాత్రంతా పడుకోబెడితే తెల్లవారేసరికి కోమాలోకి జారిపోవచ్చు. ఒకప్పుడు తాగిన మనిషి మాట ఎవరూ నమ్మరు, ఈ జబ్బులో అదో శాపం.

దీన్ని రేపేవి తెలుసుకుని ఉండండి. మలబద్ధకం, ఏదైనా ఇన్ఫెక్షన్, లోపల కొద్దికొద్దిగా రక్తం కారడం, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గడం, మోతాదు మించిన నీటి మాత్రలు, నిద్రమాత్రలు. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చి వేయడం అన్నిటికంటే ప్రమాదం. లాక్టులోజ్ సిరప్ రాసిస్తే రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకోవాలి. బాగుందని మీ అంతట మీరు ఆపొద్దు. అవసరమైతే రిఫాక్సిమిన్ కూడా ఇస్తారు.

ఇక తిండి. పావ్లోవ్ కుక్కల పేరు చెప్పుకుని వైద్యులే దశాబ్దాల పాటు కాలేయ రోగులకు పప్పు, గుడ్లు, మాంసం, పాలు అన్నీ మాన్పించారు. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో గంజి, చారన్నం మీదే రోగిని ఉంచుతున్నారు. అది తప్పని తేలి చాలా ఏళ్లయింది. కాలేయం చేయలేని పనిలో కొంత, అంటే అమ్మోనియాను తీసేయడం, ఒంట్లోని కండరాలు చేస్తాయి. మాంసకృత్తులు మాన్పిస్తే కండ కరిగిపోతుంది. అప్పుడు మతి తప్పడం తగ్గకపోగా పెరుగుతుంది. ఆ కుక్కలకు కాలేయం దారి పూర్తిగా మూసేశారు, మీ ఇంట్లో మనిషికి అలా కాదు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే అని గుర్తుంచుకుంటే, ఎంత తక్కువ పెడుతున్నామో తెలుస్తుంది. పప్పు, పెరుగు, పాలు, శనగలు, సోయా బాగా పడతాయి. గుడ్డు, చేప తినేవారు తినొచ్చు. మాంసం నిజంగా పడని కొద్దిమందికి పప్పు, పెరుగు పెంచుతాం తప్ప మొత్తం ఆపం. ఒకేసారి కాకుండా నాలుగైదు సార్లుగా పెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినాలి, తెల్లారేదాకా కడుపు ఖాళీగా ఉండకూడదు. పొట్టలో నీరు ఉంటే మాన్పించాల్సింది ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు ముందు ఆపండి.

డాక్టర్ షంట్ గానీ టిప్స్ గానీ అన్నప్పుడు మీరు అడగాల్సినవి ఉన్నాయి. ఎందుకు వేస్తున్నారు, రక్తం ఆపడానికా, నీరు తగ్గడానికా? బ్యాండ్లు, మాత్రలతో కుదరదా? ఇప్పటిదాకా మతి తప్పిన సందర్భాలు ఉంటే అవి దాచకుండా చెప్పండి. కాలేయ మార్పిడి అవసరం ఉందా, ఉంటే ఇది దానికి అడ్డమా అని కూడా అడగండి. ఇంటికి వెళ్లాక మొదటి కొన్ని నెలలు రోగి దగ్గర ఉండేది ఎవరో ముందే అనుకోండి.

పావ్లోవ్ 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో చనిపోయాడు. 86 ఏళ్లు. అంతకు ముందు ఏడాదే ఆయన పనిచేసిన సంస్థ తోటలో ఒక కుక్కకు స్మారకం కట్టారు. అది ఇప్పటికీ ఉంది.